ఈ నెల ఉత్తరాలు: కొరియా డాక్టరమ్మలు, నర్సమ్మలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం కొరియా గురించే. మన కోనసీమలో ఏ ఇంట్లో చూసినా ఆడపిల్లలు ఫోన్లో కొరియా సీరియళ్ళు చూస్తున్నారు కదా, ఆ ధ్యాస ఉత్తరాల్లోకి కూడా వచ్చేసినట్టుంది. నాకు సంతోషం ఏంటంటే వీళ్ళు అడిగింది హీరోల గురించి కాదు, ఆస్పత్రుల గురించి. చాలా ఏళ్ళు నర్సింగ్ పిల్లలకి పాఠం చెప్పినదాన్ని, ఇలాంటివి అడిగితే నాకు ఆగదు, అందుకని పేజీ మొత్తం వీటికే ఇచ్చేశాను.

బీఎస్సీ నర్సింగ్ విద్యార్థిని, అమలాపురం

మేడమ్ గారూ, మా అమ్మమ్మా నేనూ కలిసి ఒక కొరియా సీరియల్ చూశామండి, అందులో రాజుగారికి ఒకావిడ నాడి చూసి మందిస్తది. మా అమ్మమ్మేమో అదంతా కట్టుకథే, ఆ రోజుల్లో ఆడదాన్ని రాజు దగ్గరికి ఎవరు రానిస్తారే అంటది. నిజంగా అలాంటోళ్ళు ఉన్నారాండి? ఇంగ్లీషు వైద్యం చదివిన మొదటి కొరియా ఆవిడ ఎవరండి?

ఉన్నారమ్మా, అమ్మమ్మ గారికి చెప్పు. 1406లోనే అక్కడి రాజ్యం ఆడపిల్లల్ని కొంతమందిని ఎంపిక చేసి నాడి చూడ్డం, సూదులు గుచ్చడం, మందులు కట్టడం నేర్పించడం మొదలెట్టింది. కారణం మనకి తెలిసిందే, పెద్దింటి ఆడవాళ్ళు మగ వైద్యుడి చేతికి చెయ్యి ఇవ్వరు, రోగం ముదిరి ప్రాణం పోయినా సరే. మరి ఆ పని ఎవరు చెయ్యాలి? పెద్దింటి పిల్లల్ని పంపరు కదా, అందుకని సర్కారు కింద బానిసలుగా ఉన్న కుటుంబాల పిల్లల్ని తెచ్చి నేర్పించారు. సీరియల్లో చూసినావిడ జాంగ్‌గుమ్ అయ్యుంటుంది, ఆవిడ పేరు జుంగ్‌జోంగ్ అనే రాజు కాలపు రాజ్య చరిత్రలో నిజంగానే ఉంది, 1544లో ఆ రాజు తన జబ్బు సంగతి జాంగ్‌గుమ్‌కి తెలుసు అన్నట్టు కూడా రాశారు. ఆవిడ బాల్యం, ప్రేమకథ, పగలూ ప్రతీకారాలూ మాత్రం సీరియల్ వాళ్ళు అల్లుకున్నవి. ఇంకో సంగతి కూడా తెలుసుకో, జుంగ్‌జోంగ్‌కి ముందు ఏలిన రాజు ఇదే వైద్యం నేర్చిన ఆడవాళ్ళని ముస్తాబు చేయించి విందుల్లో కూర్చోబెట్టాడు. రాణిగారి నాడి చూసే చెయ్యే అయినా మనిషి మాత్రం బానిసే కదా, కాదనే హక్కు లేదు.

ఇంక రెండో ప్రశ్న. ఆవిడ పేరు కిమ్ జోమ్‌దోంగ్, చరిత్రలో ఎస్తేర్ పార్క్ అంటారు. 1886లో సియోల్లో ఇహ్వా అని ఆడపిల్లల బడి పెట్టారు, పెట్టిన ఏడాదే పదేళ్ళ వయసులో ఈ పిల్లని తీసుకొచ్చి చేర్పించాడు తండ్రి, ఆయన ఒక అమెరికా మిషనరీ దగ్గర పని చేసేవాడు. పిల్లకి ఇంగ్లీషు బాగా వచ్చేసింది. 1890లో రోసెటా షేర్వుడ్ హాల్ అనే అమెరికా డాక్టరమ్మ సియోల్ వచ్చింది, ఆవిడకి కొరియా భాష ఒక్క ముక్క రాదు, రోగులకి ఇంగ్లీషు రాదు, మధ్యలో ఈ పిల్లని నిలబెట్టారు. కడుపునొప్పి ఎక్కడమ్మా, నెల తప్పి ఎన్నాళ్ళయింది, పిల్లాడు పాలు తాగుతున్నాడా, ఇవన్నీ అటూ ఇటూ చెప్పడమే తన పని.

మొదట్లో ఈ పిల్లకి కోతలూ రక్తం అంటే అస్సలు పడేది కాదు. మందులిచ్చే చోట సాయం చేసేది గానీ ఆపరేషన్ అంటే దూరం. అలాంటిది ఒకరోజు డాక్టరమ్మ గ్రహణమొర్రి ఉన్నవాళ్ళకి పెదవి కుట్టి సరిచెయ్యడం దగ్గరుండి చూసింది. నువ్వు పోస్టింగులో చూసే ఉంటావు, చీలిన పెదవి రెండు అంచుల్నీ దగ్గరికి తెచ్చి కుట్టు వేస్తే పుట్టినప్పట్నించీ దాచుకుంటున్న ముఖం మన కళ్ళముందే ఇంకో ముఖం అయిపోతుంది. అది చూశాక నేను కూడా ఇది చెయ్యాలి అని ఆ పిల్ల పట్టుబట్టేసింది.

1893లో పెళ్ళి చేశారు, భర్త పార్క్ యూసాన్, డాక్టరమ్మ భర్త దగ్గర పని చేసే కుర్రాడే. మరుసటేడు డాక్టరమ్మ భర్త జబ్బు చేసి చనిపోయాడు, ఆవిడ అమెరికా వెళ్ళిపోతుంటే వీళ్ళిద్దరూ కూడా వెళ్ళారు. 1896లో ఎస్తేర్ బాల్టిమోర్లోని ఆడవాళ్ళ మెడికల్ కాలేజీలో చేరింది. ఇక్కడ నాకు భర్త గురించి కూడా చెప్పాలనుంది, ఎందుకంటే ఇది 1890ల మాట, కొరియా మగాడు, భార్య చదువు కోసం పరాయి దేశంలో పొలం పని చేశాడు, తర్వాత హోటల్లో పని చేశాడు, ఆ సంపాదన ఆవిడ చదువుకి పెట్టాడు. కష్టపడీ కష్టపడీ క్షయ తగిలించుకున్నాడు. 1900లో ఆవిడ చేతికి పట్టా రావడానికి కొన్ని వారాల ముందే పోయాడు, ఆయన సమాధి బాల్టిమోర్లోనే ఉంది.

ఆవిడ ఒక్కతే తిరిగొచ్చేసింది. వచ్చిన మొదటి పది నెలల్లో మూడు వేల మందికి పైగా రోగుల్ని చూసిందని లెక్క రాసుంది. సియోల్లో, ప్యోంగ్యాంగ్‌లో, మంచు పడ్డ రోజుల్లో గాడిదలు లాగే బండి మీద పల్లెలకి వెళ్ళి. పదేళ్ళు గడిచాయో లేదో, 1910లో అదే క్షయతో పోయింది, అప్పటికి ఆవిడకి ముప్ఫై అయిదేళ్ళు కూడా నిండలేదు.

మన ఆనందీబాయి జోషీ పాఠం గుర్తుందా తల్లీ, 1886లో అమెరికాలో డాక్టర్ పాసై, 1887లో ఇరవై ఒకటో ఏట పోయింది, ఆవిడ్నీ పొట్టనబెట్టుకుంది క్షయే. ఆనందీబాయి చదివిన ఫిలడెల్ఫియా ఆడవాళ్ళ కాలేజీలోనే మూడేళ్ళ తర్వాత రోసెటా హాల్ కూడా పాసైంది. ఇక్కడా అక్కడా ఒకే కాలం, ఒకే జబ్బు. ఆనందీబాయికి ప్రాక్టీసు చేసే రాత లేకపోయింది, ఎస్తేర్‌కి ఆ పదేళ్ళు దక్కాయి.

గృహిణి, మండపేట

అమ్మా, కొరియా మొదటి డాక్టరమ్మ టీబీతో చనిపోయిందని మా అమ్మాయి చెప్పింది. మా అత్తగారు రెండు నెలలనించి టీబీ మాత్రలు వాడుతున్నారండి. డాక్టరుకే తగ్గనిది మనకేం తగ్గుద్ది అని ఆవిడ మాత్రలు మానేస్తానంటున్నారు, ఇంట్లోవాళ్ళేమో ఆవిడ కంచం గ్లాసు వేరే పెట్టమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

ముందు మాత్రలు మానద్దని చెప్పండి, మిగతాది తర్వాత. ఎస్తేర్ పార్క్ పోయింది 1910లో, క్షయ మీద గట్టిగా పనిచేసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. ఆవిడ డాక్టరే గానీ ఆవిడ దగ్గర మందు లేదండి, మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతే వైద్యం, ఆవిడకి విశ్రాంతి కూడా లేదు. మీ అత్తగారికి మందుంది. మామూలు రకం టీబీకి ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా వాడితే తగ్గిపోద్ది. రెండు నెలలకి దగ్గు తగ్గి ఒంట్లో తేలిగ్గా ఉంటుంది, సరిగ్గా అప్పుడే చాలామంది మానేస్తారు, మానేస్తే లోపల మిగిలిన క్రిములు మందుకి లొంగని రకంగా తయారయ్యే ప్రమాదం ఉంది, అప్పుడు వైద్యం ఇంకా కష్టం.

కంచం వల్లా గ్లాసు వల్లా టీబీ రాదు. దగ్గినప్పుడు గాల్లోంచి వస్తది. సరిగ్గా మందు పడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోద్ది, ఎప్పటికి తగ్గిందో మీ డాక్టరు గారు కళ్ళె పరీక్ష చేసి చెప్తారు. కిటికీలు తీసి ఉంచండి, గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గమనండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళకి కూడా పీహెచ్‌సీలో పరీక్ష చేయించండి. మందులు ప్రభుత్వం ఫ్రీగా ఇస్తది, తిండికని నెలకి 1000 రూపాయలు కూడా బ్యాంకులో వేస్తున్నారు, మీ ఆశా కార్యకర్తని అడిగి పేరు ఎక్కిందో లేదో చూసుకోండి. పెద్దావిడని ఒక మూల కూర్చోబెట్టి కంచం వేరు చేస్తే జబ్బు కన్నా ఆ దిగులే మనిషిని తినేస్తదండి.

ఇంకోటి చెప్తాను, మీ అత్తగారికి వినిపించండి. రోసెటా హాల్ కొడుకు షేర్వుడ్ హాల్ సియోల్లోనే పుట్టాడు, ఎస్తేర్‌ని చిన్నప్పట్నించీ ఎరిగినవాడు. ఆవిడ చావు చూసి క్షయ డాక్టర్ అవుదామని నిర్ణయించుకున్నాడు. 1928లో హేజు అనే ఊళ్ళో క్షయ రోగుల కోసం శానటోరియం కట్టాడు, 1932లో ఆ ఖర్చుల కోసం క్రిస్మస్ స్టాంపులు అమ్మడం మొదలెట్టాడు. మొదటి స్టాంపు మీద కొరియా వాళ్ళు జపానుని ఓడించిన తాబేలు ఓడ బొమ్మ వేస్తే, అప్పట్లో కొరియాని ఏలుతున్న జపాన్ ప్రభుత్వం ఒప్పుకోలేదు, దాంతో సియోల్ దక్షిణ ద్వారం బొమ్మ వేశారు. తర్వాత ఆయన్ని కొరియా నుంచి పంపించేస్తే ఎక్కడికొచ్చాడో తెలుసా, మన దేశానికే, రాజస్థాన్లో అజ్మీర్ దగ్గర మదార్ శానటోరియంలో 1963 దాకా మన క్షయ రోగుల్ని చూశాడు. సియోల్లో ఒక డాక్టరమ్మ చనిపోతే ఆ దుఃఖం అజ్మీర్ రోగులకి మందైంది.

రిటైర్డు టీచరు, పాలకొల్లు

అమ్మా, మన గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలాగే కొరియాలో కూడా ఆడవాళ్ళ ఆస్పత్రి పెట్టింది అమెరికా మిషనరీలే అని చదివాను. అలాంటప్పుడు అది అమెరికా వాళ్ళ గొప్పతనం అవుతుంది గానీ కొరియా ఆడవాళ్ళ గొప్పతనం ఎలా అవుతుందండి?

మంచి ప్రశ్న మాస్టారూ, చాలామంది పుస్తకాలు రాసేవాళ్ళు కూడా ఇక్కడే ఆగిపోతారు. మీరన్నది నిజమే, 1887లో సియోల్లో ఆడవాళ్ళ కోసమని బోగు యోగ్వాన్ అనే ఆస్పత్రి పెట్టింది అమెరికా మెథడిస్టు ఆడవాళ్ళ మిషనే, మొదటి డాక్టరు మెటా హోవార్డ్. మన కుగ్లర్ దొరసాని, అన్నా కుగ్లర్, 1879లో ఫిలడెల్ఫియాలో నేను పైన చెప్పిన ఆ కాలేజీలోనే పాసై గుంటూరు వచ్చింది. మన భీమవరం వైపు రాజుల లోగిళ్ళల్లో ఘోషా ఎంత గట్టిగా ఉండేదో మీకు తెలుసు, విశాఖలో ఘోషాస్పత్రి అనే పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. అక్కడా అదే సమస్య, ఆడ డాక్టరు ఉంటేనే ఆడ రోగి గడప దాటి వస్తుంది.

కానీ మాస్టారూ, ఒక్క డాక్టరమ్మతో ఆస్పత్రి నడవదు. రాత్రి రెండింటికి జ్వరం చూసేది ఎవరు, పుండు కడిగేది ఎవరు, భయపడుతున్న పల్లెటూరి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆవిడ భాషలో ధైర్యం చెప్పేది ఎవరు? 1903లో మార్గరెట్ ఎడ్మండ్స్ అనే నర్సు అక్కడ నర్సింగ్ బడి పెట్టింది. మంచి ఇళ్ళ నుంచి పిల్లల్ని పంపలేదు, పరాయివాళ్ళ ఒంటికి నీళ్ళు పోసే పనికి ఎవరు పంపుతారు? వచ్చినవాళ్ళల్లో ఇద్దరి గురించి చెప్తాను. ఒకావిడ మార్తా కిమ్, మొగుడు అనుమానంతో ముక్కూ వేలూ కోసేస్తే ఆ గాయాలతో ఆస్పత్రికి వచ్చింది. ఇంకొకావిడ గ్రేస్ యీ, బానిస పిల్ల, కాలు జబ్బు చేసి నడవలేకపోతే యజమానులు వదిలేశారు, ఆస్పత్రిలో వైద్యం చేసి నడిపించారు. ఈ ఇద్దరూ రోగులుగా వచ్చి అక్కడే ఉండిపోయారు, నర్సింగ్ నేర్చుకున్నారు, 1908లో కొరియాలో పట్టా పుచ్చుకున్న మొట్టమొదటి నర్సులు ఈ ఇద్దరే. ముక్కు కోసింది మనిషి ముఖం బయట పెట్టుకోకూడదని కదా, ఆ ముఖంతోనే ఆవిడ టోపీ పెట్టుకుని వార్డులో తిరిగింది. ఆ వార్డుకి వచ్చిన దెబ్బలు తిన్న ఆడవాళ్ళకి ఆవిడ కనిపిస్తే ఎలా ఉండేదో మీరే ఆలోచించండి.

1907 ఆగస్టులో జపాన్ వాళ్ళు కొరియా సైన్యాన్ని రద్దు చేసేస్తే సియోల్ దక్షిణ ద్వారం దగ్గర కాల్పులు జరిగాయి. గాయపడ్డ సిపాయిల్ని సెవరెన్స్ ఆస్పత్రికి మోసుకొచ్చారు. అప్పటిదాకా ఈ నర్సు పిల్లలు మగ రోగిని ముట్టుకుని ఎరగరు, ముట్టుకోకూడదనే పెంచారు. ఆ రోజు రక్తం కారుతున్న మనుషులు వరసగా పడుంటే ఆ పట్టింపులు పక్కన పెట్టి కట్లు కట్టారు, బోగు యోగ్వాన్ నుంచి కూడా పిల్లలు సాయానికి వెళ్ళారు. నన్నడిగితే కొరియా నర్సింగ్ ఆ వార్డులో పుట్టింది.

తర్వాతవి త్వరగా చెప్పేస్తాను. సెవరెన్స్ నర్సింగ్ బడి నుంచి 1910లో మొదటగా బయటికొచ్చినావిడ కిమ్ బేసే, ఈవిడ ఎస్తేర్ పార్క్ చెల్లెలు, అక్క పోయిన ఏడాదే చెల్లెలు పట్టా తీసుకుంది. 1918లో సర్కారు మెడికల్ కాలేజీ నుంచి ఆన్ సుగ్యోంగ్, కిమ్ హేజీ, కిమ్ యోంగ్‌హుంగ్ అని ముగ్గురు బయటికొచ్చారు, వీళ్ళకి మామూలు సీట్లు ఇవ్వలేదండి, ఊరికే కూర్చుని వినడానికి రానిచ్చారు, విని విని డాక్టర్లైపోయారు. అదే 1918లో ఇక్కడ వెల్లూరులో అయిడా స్కడర్ ఆడపిల్లల మెడికల్ స్కూలు తెరిచింది. రోసెటా హాల్ 1928లో సియోల్లో ఆడవాళ్ళకి వైద్యం నేర్పే సంస్థ పెట్టింది, 1938లో అది మెడికల్ కాలేజీ అయింది, ఇప్పటి కొరియా యూనివర్సిటీ మెడికల్ కాలేజీకి మూలం అదే.

పాక్ జాహే అని ఇంకో నర్సు ఉంది, ఈవిడ్ని వదలబుద్ధి కాదు. చిన్నప్పుడు రాజుగారి కోటలో పరిచారిక, తర్వాత మంత్రసాని పని నేర్చుకుని సర్కారు ఆస్పత్రిలో చేరింది. 1919 మార్చిలో స్వతంత్రం కోసం కొరియా అంతా వీధుల్లోకి వస్తే, దెబ్బలు తిన్నవాళ్ళకి కట్లు కట్టీ కట్టీ ఈవిడకి కడుపు రగిలిపోయింది, తోటి నర్సుల్ని కూడగట్టి సమ్మెకి దిగింది. తర్వాత పిల్లల్ని పెట్టుకుని సియోల్లో పురుళ్ళు పోసే చిన్న చోటు నడుపుకుంటూ చాలా పేదరికంలో బతికింది. మిషన్ ఇచ్చింది భవనం, మందులు, చదువు. వాటిని పట్టుకుని నిలబడ్డది వీళ్ళు మాస్టారూ. మన డెల్టాలో పాత మిషన్ ఆస్పత్రులు చూడండి, గోడమీద దొరసానుల పేర్లు చెక్కి ఉంటాయి, వాళ్ళ పక్కన నిలబడి ముప్ఫై ఏళ్ళు పురుళ్ళు పోసిన మన తెలుగు నర్సమ్మల పేర్లు ఎన్ని ఉన్నాయి? వాళ్ళ మనవలు ఇంకా ఈ ఊళ్ళల్లోనే ఉన్నారు, ఎవరి దగ్గరైనా పాత ఫోటోలు, సర్టిఫికెట్లు ఉంటే ఈ పేజీకి పంపండి, నేను వేస్తాను.

చిన్న వ్యాపారి, రావులపాలెం

మేడమ్ గారికి నమస్కారమండి. మా ఆవిడ స్టాఫ్ నర్సు. జర్మనీలో ఉద్యోగం అని ఏజెంటు చెప్తే భాష క్లాసుకి వెళ్తుందండి. మా నాన్నగారు మాత్రం కువైట్ వెళ్ళినోళ్ళ కష్టాలు చూశాం, ఆడమనిషిని అంత దూరం పంపద్దు అంటున్నారు. కొరియా నర్సులు ఎప్పుడో జర్మనీ వెళ్ళారంట కదా, వాళ్ళు ఏమయ్యారండి?

మీ నాన్నగారి భయాన్ని నేను తీసెయ్యను బాబూ, మన ఊళ్ళ నుంచి కువైట్‌కీ మస్కట్‌కీ వెళ్ళి పాస్‌పోర్టు లాక్కోబడి ఏడ్చిన ఆడవాళ్ళని నేనూ చూశాను. కొరియా వాళ్ళ సంగతి చెప్తాను, మీరే చూసుకోండి. 1966 నుంచి 1976 దాకా కొరియా నుంచి పది వేల మందికి పైగా నర్సులు, నర్సింగ్ సహాయకులు పశ్చిమ జర్మనీ వెళ్ళారు. ఇంటికి డబ్బు పంపారు, తమ్ముళ్ళ చదువులు ఆ డబ్బుతోనే అయ్యాయి. వెళ్ళిన కొత్తలో బాగా ఏడ్చారు. వాళ్ళ దేశంలో నర్సు అంటే ఇంజెక్షను, మందులు, డాక్టరు పక్కన పని, రోగికి ఒళ్ళు కడగడం, తినిపించడం ఇంటివాళ్ళు చూసుకునేవారు, మన గవర్నమెంటు ఆస్పత్రిలో ఇప్పటికీ అంతే కదా, రోగి పక్కన ఒక మనిషి ఉండాల్సిందే. జర్మనీలో అవన్నీ నర్సే చెయ్యాలి, బెడ్‌పాన్‌తో సహా. భాష రాక మొదట్లో ఆ పనులే ఎక్కువ అప్పజెప్పారు కూడా. ఇది మీ ఆవిడకి ముందే చెప్పండి, అక్కడి నర్సు పనిలో ఇప్పటికీ అది పెద్ద భాగమే.

నాకు వాళ్ళ మీద గౌరవం ఎందుకంటే తర్వాత జరిగిందానికి. 1970ల్లో జర్మనీలో ఉద్యోగాలు తగ్గాయి, 1977లో ఇంక మీ అవసరం లేదు, పర్మిట్ పొడిగించం, వెళ్ళిపోండి అన్నారు. ఈ నర్సులు ఊరుకోలేదు, మీకు అవసరమైనప్పుడు పిలిచారు, ఇన్నేళ్ళు మీ రోగుల్ని చూశాం, మేం సరుకు కాదు తిప్పి పంపడానికి అని వీధుల్లో నిలబడి జర్మన్ల దగ్గరే సంతకాలు సేకరించారు. గెలిచారు, ఉండే హక్కు సాధించుకున్నారు, చాలామంది అక్కడే స్థిరపడ్డారు. ఒక్కొక్కరు విడివిడిగా ఉండుంటే పంపించేసేవారు, కలిసి నిలబడ్డారు కాబట్టి ఆగింది.

ఇంక మీ విషయానికి వస్తే, ఏజెంటు మన విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయ్యాడో లేదో ముందు చూడండి, ఈమైగ్రేట్ వెబ్‌సైట్లో ఉంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వద్దు, కాపీలు చాలు. కాంట్రాక్టు మీ ఆవిడకి అర్థమయ్యే భాషలో తీసుకుని చదవండి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్న లైను ఉంటే దాని మీద వేలు పెట్టి అడగండి. నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే మామూలుగా భాషలో బీ2 దాకా పాసవ్వాలి, బీ1తో పంపేస్తాం అంటే వెళ్ళాక ఏ హోదా, ఏ జీతం అని రాయించుకోండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే పంపండి. వెళ్ళాలా వద్దా అన్నది మాత్రం మీరూ నాన్నగారూ కాదు, ఆవిడే చెప్పాలి.

మెడికల్ స్టూడెంట్, కాకినాడ

మేడమ్, ఇదంతా పాత కథ కదా. ఇప్పటి కొరియాలో చెప్పుకోదగ్గ లేడీ డాక్టర్ ఎవరైనా ఉన్నారా?

జోంగ్ ఉన్‌గ్యోంగ్ గురించి చదువు. 2017లో వాళ్ళ రోగ నియంత్రణ కేంద్రానికి అధిపతి అయింది, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ. కరోనా వచ్చినప్పుడు పసుపు జాకెట్ వేసుకుని రోజూ టీవీ ముందు నిలబడి ఎన్ని కేసులు, ఎక్కడ, ఏం చేస్తున్నాం అని ఉన్నదున్నట్టు చెప్పింది, తెలియనిది తెలియదంది, జనం ఆవిడ మాట విన్నారు. 2020 సెప్టెంబరులో ఆ కేంద్రాన్ని పెద్ద ఏజెన్సీగా మారిస్తే దానికీ మొదటి అధిపతి ఆవిడే, 2025లో ఆరోగ్య మంత్రి కూడా అయింది. నువ్వు కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్‌ని తేలిగ్గా తీసుకుంటున్నావేమో, ఆవిడ పనంతా ఆ సబ్జెక్టే.